ఒక లీటరు పెట్రోలు ఆకాశంలో ఏమవుతుంది? వాతావరణ మార్పు లెక్క, మొదటి నుంచి

ఒక లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో. దాన్ని కాల్చితే వెలువడే కార్బన్ డయాక్సైడ్ బరువు సుమారు 2.3 కిలోలు. మొదటిసారి వింటే లెక్క ఎక్కడో తప్పిందనిపిస్తుంది. ముప్పావు కిలో ద్రవంలోంచి రెండు కిలోల పైచిలుకు వాయువు ఎలా వస్తుంది?

లెక్క తప్పలేదు. పెట్రోలంటే ప్రధానంగా కర్బనం, హైడ్రోజన్. లీటరులో కర్బనం ఒక్కటే దాదాపు 640 గ్రాములు ఉంటుంది. మండేటప్పుడు ఒక్కో కర్బన పరమాణువు గాలిలోంచి రెండు ఆక్సిజన్ పరమాణువులను పట్టుకుంటుంది. కర్బనం బరువు 12 అనుకుంటే ఆక్సిజన్‌ది 16, రెండు కలిపి 32. అంటే 12 పాళ్ల కర్బనం 44 పాళ్ల వాయువుగా మారుతుంది. 640ని 44తో హెచ్చించి 12తో భాగిస్తే 2,300 గ్రాములు దాటుతుంది. అదనపు బరువంతా గాలి ఇచ్చిన ఆక్సిజన్‌దే. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. అందుకే ట్యాంకు ఖాళీ అవగానే పెట్రోలు అయిపోయిందంటాం. నిజానికి అయిపోలేదు, మూడింతల బరువెక్కి గాలిలో కలిసింది.

వాతావరణ మార్పు మీద జరిగే చర్చలు వింటుంటే అది నమ్మేవాళ్లకూ నమ్మనివాళ్లకూ మధ్య తగువులా కనిపిస్తుంది. నాకు మాత్రం అది ముందుగా ఒక పద్దు. గాలిలోకి ఎంత చేరింది, అందులో ఎంత మిగిలింది, ఆ మిగిలింది ఏం చేస్తోంది అన్న లెక్క. ఆ 2.3 కిలోల వెంటే నడిస్తే గందరగోళం చాలావరకు విడిపోతుంది.

వాతావరణం అనే ఒక్క మాటకు మూడు అర్థాలు

మొదటి చిక్కు మన మాటలోనే ఉంది. వెదర్, క్లైమేట్, అట్మాస్ఫియర్ అనే మూడింటినీ తెలుగులో వాతావరణం అనేస్తాం. 'ఈరోజు వాతావరణం చల్లగా ఉంది' అంటే వెదర్. 'వాతావరణంలో ఆక్సిజన్ 21 శాతం' అంటే భూమి చుట్టూ ఉన్న గాలిపొర. 'వాతావరణ మార్పు' అన్నప్పుడు మాత్రం మనం చెప్పదలచుకున్నది క్లైమేట్ గురించి. దానికి పాఠ్యపుస్తకాల్లో శీతోష్ణస్థితి అనే మంచి మాట ఉంది, వార్తల్లో మాత్రం అంతగా వాడుకలోకి రాలేదు.

ఒక చోట ఎండ, వాన, గాలి, తేమ ఎలా ఉంటాయో సాధారణంగా 30 ఏళ్ల పాటు చూసి, వాటి సగటునూ హెచ్చుతగ్గుల తీరునూ చెబితే అది శీతోష్ణస్థితి. కాబట్టి 'ఈ చలికాలం ఎముకలు కొరికేసింది, ఇంక భూతాపం ఎక్కడుంది?' అన్న ప్రశ్న ఒక చలికాలం లెక్కతో ముప్పై ఏళ్ల లెక్కను కొట్టేయాలని చూడటమే. భూతాపం అంటే భూమి మొత్తం సగటు ఉష్ణోగ్రత పెరగడం. వాతావరణ మార్పు అంతకంటే పెద్ద మాట. ఆ వేడి వల్ల వానల్లో, మంచులో, సముద్రాల్లో వచ్చే మార్పులన్నీ అందులోకి వస్తాయి.

ఇంత కొంచెం వాయువు అంత వేడిని ఎలా ఆపుతుంది

సూర్యకాంతి గాలిని దాటుకుని నేలను తాకుతుంది. వేడెక్కిన నేల ఆ శక్తిని తిరిగి పైకి పంపుతుంది. అయితే అది కంటికి కనిపించే కాంతిగా కాక పరారుణ కిరణాలుగా వెళుతుంది. మంటకు కాస్త దూరంలో చెయ్యి పెట్టినా తగిలే సెగలో ఎక్కువ భాగం ఈ కిరణాలే. వచ్చినంత శక్తీ తిరిగి పోతే భూమి ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది. పోయేది తగ్గితే వేడి పెరుగుతుంది.

గాలిలో దాదాపు 99 శాతం నైట్రోజన్, ఆక్సిజన్. వాటి అణువుల్లో ఒకే రకం పరమాణువులు రెండేసి ఉంటాయి కాబట్టి పరారుణ కిరణాలు వాటిని కదిలించలేవు, నేరుగా దాటిపోతాయి. కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి అణువుల్లో మూడేసి పరమాణువులు ఉంటాయి. ఆ కిరణాలు తగలగానే అవి వంగుతూ సాగుతూ కంపిస్తాయి, శక్తిని పట్టుకుని మళ్లీ అన్ని దిక్కులకూ వెదజల్లుతాయి. కొంత తిరిగి నేల వైపే వస్తుంది. దీన్నే హరితగృహ ప్రభావం అంటారు. ఇది లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండేది. ఉన్నది సుమారు 15. ఆ 33 డిగ్రీల తేడా వల్లే ఇక్కడ నీళ్లు నీళ్లుగా ఉన్నాయి, మనమూ ఉన్నాం. హరితగృహ ప్రభావం స్వతహాగా చెడ్డది కాదు. దాన్ని మనం పెంచుకుంటూ పోవడమే సమస్య.

'గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమేగా, అదేం చేస్తుంది?' అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వేడిని ఆపే పనిలో ఆ 99 శాతానికి పాత్రే లేదన్నది జవాబు. పని చేసేవి కొన్నే, ఆ కొన్నింటిలో ఇది ముఖ్యమైనది.

ఈ సంగతి నిన్నమొన్న తెలిసింది కాదు. 1856లో అమెరికాకు చెందిన యూనిస్ ఫూట్ నాలుగు అంగుళాల వెడల్పు, ముప్పై అంగుళాల పొడవు ఉన్న గాజు గొట్టాలు రెండు తీసుకుని, వాటిలో థర్మామీటర్లు పెట్టి, వేర్వేరు వాయువులతో నింపి ఎండలో ఉంచింది. కార్బన్ డయాక్సైడ్ నింపిన గొట్టం అన్నిటికంటే ఎక్కువ వేడెక్కింది. నీడలోకి తెచ్చాక చల్లారడానికీ మామూలు గాలి ఉన్న గొట్టం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సమయం పట్టింది. ఇలాంటి వాయువు భూమి చుట్టూ ఎక్కువగా ఉంటే భూమి బాగా వేడెక్కుతుందని ఆమె అప్పుడే రాసింది. శాస్త్రవేత్తల సభలో ఆ పత్రాన్ని ఆమె బదులు మరో శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ చదివాడు. ఆ తర్వాత దాదాపు ఒకటిన్నర శతాబ్దం పాటు ఆమె పేరు తలచినవారు చాలా తక్కువ. తలచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఫూట్ పత్రం వచ్చిన మూడేళ్లకు ఐర్లండ్ శాస్త్రవేత్త జాన్ టిండాల్ ఏ వాయువు పరారుణ వేడిని ఎంత పట్టుకుంటుందో ప్రయోగశాలలో కచ్చితంగా కొలిచాడు. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ గాలిలో ఈ వాయువు రెట్టింపైతే భూమి 5 నుంచి 6 డిగ్రీలు వేడెక్కుతుందని కాగితం మీద లెక్క కట్టాడు. నేటి అంచనా సుమారు 3 డిగ్రీలు. కంప్యూటర్లు లేని రోజుల్లో అంత దగ్గరకు రావడం చిన్న విషయం కాదు.

పెరిగిన వాయువు మనుషులదేనని ఎలా తెలుసు

1958లో చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద గాలిని కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల గాలి అణువుల్లో కార్బన్ డయాక్సైడ్ అణువులు సుమారు 315. 2013లో అక్కడ రోజువారీ కొలత తొలిసారి 400 దాటింది. 2024లో ఏడాది సగటు దాదాపు 425. ఆయన గీసిన గీత రంపం పళ్లలా ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో వసంతం రాగానే చెట్లు చిగురించి వాయువును పీల్చుకుంటాయి, గీత దిగుతుంది. ఆకులు రాలి కుళ్లే కాలంలో మళ్లీ ఎక్కుతుంది. భూమి ఊపిరి తీసి వదులుతున్నట్టు ఏటా ఒక పన్ను. ప్రతి పన్నూ కిందటి ఏడాది పన్ను కంటే ఎత్తు.

1958కి ముందు సంగతి మంచు చెప్పింది. అంటార్కిటికాలో పడిన మంచు పొరలు పొరలుగా గట్టిపడేటప్పుడు ఆనాటి గాలి చిన్న చిన్న బుడగలుగా లోపల చిక్కుకుంటుంది. మూడు కిలోమీటర్ల లోతు దాకా తవ్వి తీసిన మంచు కడ్డీల్లో ఎనిమిది లక్షల ఏళ్ల నాటి గాలి దొరికింది. ఆ మొత్తం కాలంలో సంఖ్య 180కీ 300కీ మధ్యే ఊగింది. పరిశ్రమలు రాకముందు 280. ఇప్పటి సంఖ్య ఆ ఎనిమిది లక్షల ఏళ్ల హద్దుకు చాలా ఎగువన ఉంది.

పెరిగింది మనం కాల్చినదే అనడానికి మొదటి రుజువు సాదా కూడికే. ప్రపంచం ఏడాదికి బొగ్గు, చమురు, గ్యాస్, సిమెంటు ద్వారా దాదాపు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది. అడవుల నరికివేతతో మరో 400 కోట్లు. మొత్తం 4,100 కోట్లు. గాలిలో సంఖ్య ఒకటి పెరగాలంటే 780 కోట్ల టన్నులు కావాలి. వదిలినదంతా గాలిలోనే ఉండి ఉంటే సంఖ్య ఏటా అయిదుకు పైగా పెరగాలి. పెరుగుతున్నది సుమారు రెండున్నర. అంటే మనం వదిలిన దాంట్లో ఇంచుమించు సగమే గాలిలో ఉంటోంది. మిగతా సగాన్ని సముద్రాలూ, చెట్లూ నేలా కలిసి పీల్చుకుంటున్నాయి. ఇదే లెక్కన మన లీటరు పెట్రోలు వాయువులో కిలోకి కాస్త పైన గాలిలో నిలిచింది, ఆరు వందల గ్రాములు సముద్రంలో కరిగింది, దాదాపు అంతే చెట్లలో, మట్టిలో చేరింది. ప్రకృతి మనకు వాయువును జమ చేయడం లేదు, మనం వదిలినదాన్ని మోస్తోంది. 'ఇదంతా ప్రకృతే వదులుతోంది' అన్న వాదన ఈ కూడిక దగ్గరే ఆగిపోతుంది.

రెండో రుజువు కర్బనం మీదున్న గుర్తు. కర్బనంలో బరువు తేడాతో కార్బన్ 12, 13, 14 అనే రకాలున్నాయి. మొక్కలు వాటిలో తేలికైన కార్బన్ 12ను ఇష్టంగా తీసుకుంటాయి. బొగ్గు, చమురు పూర్వకాలపు జీవుల నుంచి వచ్చినవే కాబట్టి వాటిలో బరువైన కార్బన్ 13 తక్కువ. ఇక కార్బన్ 14 దాదాపు 5,730 ఏళ్లకు సగం చొప్పున తరిగిపోతుంది కాబట్టి కోట్ల ఏళ్లు భూగర్భంలో ఉన్న ఇంధనంలో అసలు ఉండదు. గాలిలో ఈ రెండింటి పాలు ఎలా తగ్గాలో అలాగే తగ్గుతూ వచ్చింది. అగ్నిపర్వతాల మాటా తరచు వినిపిస్తుంది. వాటన్నిటి నుంచీ ఏటా వచ్చే కార్బన్ డయాక్సైడ్ మనుషులు వదిలేదాంట్లో ఒక శాతం కంటే తక్కువ.

సూర్యుడి వల్ల కాదా? మంచుయుగాలు ముందూ వచ్చి పోలేదా?

వచ్చాయి. భూమి కక్ష్య ఆకారం, అక్షం వంపు, దాని ఊగిసలాట వేల ఏళ్ల చక్రాల్లో మారుతుంటాయి. వాటి వల్ల ఎండ ఎక్కడ, ఏ కాలంలో ఎక్కువ పడుతుందన్నది మారి మంచుయుగాలు వచ్చి పోయాయి. ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. పాత మంచుయుగాలు ముగిసేటప్పుడు కొన్ని రికార్డుల్లో ముందు వేడి పెరిగింది, కార్బన్ డయాక్సైడ్ వెనకగా పెరిగింది. 'మరి వాయువు కారణమెలా అవుతుంది?' అని దీన్ని ఎత్తి చూపుతారు. అప్పుడు మొదటి తోపు కక్ష్యది. కాస్త వేడెక్కిన సముద్రం తనలోని వాయువును వదిలింది, ఆ వాయువు వేడిని ఇంకా పెంచింది. అంటే వాయువు ఫలితంగానూ ఉండగలదు, కారణంగానూ ఉండగలదు. ఇప్పుడు మొదటి తోపు మనం కాల్చే ఇంధనానిది. కక్ష్య మార్పులు వేల ఏళ్లలో చేసే పని నూట యాభై ఏళ్లలో కనిపించడానికి వేరే వివరణ లేదు.

సూర్యుడి సంగతి ఉపగ్రహాలు 1970ల చివరి నుంచి కొలుస్తున్నాయి. పదకొండేళ్ల చక్రంలో సూర్యశక్తి 0.1 శాతం మేర అటూ ఇటూ ఊగుతుందే తప్ప పెరుగుతూ పోలేదు. అంతకంటే నన్ను ఎక్కువగా ఒప్పించేది మరొకటి. సూర్యుడే కారణమైతే గాలి కింద నుంచి పై దాకా వేడెక్కాలి. కొలిస్తే కింది గాలి వేడెక్కుతోంది, పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. కింది నుంచి వచ్చే వేడిని మధ్యలో ఏదో ఆపుతుంటేనే ఇలా జరుగుతుంది. ఓజోన్ తగ్గడం కూడా ఆ చల్లదనానికి కొంత కారణమే, అయినా పై ఎత్తుల్లో దాన్ని నడిపించేది ప్రధానంగా కార్బన్ డయాక్సైడే.

లెక్కలో మైనస్ గుర్తు కూడా ఉంది. బొగ్గు, చమురు మండినప్పుడు వచ్చే సల్ఫేట్ రేణువులు ఎండను కొంత వెనక్కి కొట్టి భూమిని చల్లబరుస్తాయి. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం పేలి అలాంటి రేణువులను పైకి ఎగజిమ్మితే భూమి సగటు దాదాపు అర డిగ్రీ తగ్గి, ఒకటి రెండేళ్లలో మళ్లీ కోలుకుంది. వాతావరణ మార్పు శాస్త్రాన్ని మదింపు చేసే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ 2021లో వేసిన పద్దు ప్రకారం హరితగృహ వాయువుల వల్ల పెరిగింది 1.0 నుంచి 2.0 డిగ్రీలు, రేణువులు, ఇతర మానవ కారణాలు తగ్గించింది 0 నుంచి 0.8 డిగ్రీలు, మనుషుల వల్ల నికరంగా పెరిగింది సుమారు 1.07. ఊపిరితిత్తులను పాడుచేసే పొగను తగ్గించుకోవడం అవసరమే, కానీ తగ్గించిన కొద్దీ అది దాచిపెట్టిన వేడి బయటపడుతుంది. ఈ విషయంలో ఇంత బాధాకరమైన చిక్కు ఇంకొకటి లేదనుకుంటాను.

మీథేన్ లెక్క వేరు

పశువుల జీర్ణకోశం, నీళ్లు నిలిచిన పొలాలు, చెత్తకుప్పలు, గ్యాస్ పైపుల లీకేజీల నుంచి వచ్చే మీథేన్ గాలిలో సగటున పన్నెండేళ్ల పాటే నిలుస్తుంది. నిలిచినంత కాలం మాత్రం చాలా గట్టిది. టన్నుకు టన్ను పోలిస్తే వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే ఇంచుమించు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్లు వేడెక్కిస్తుంది. రెండు సంఖ్యలూ సరైనవే, చూసే కాలం వేరు. మీథేన్ తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం పోగుపడుతూనే ఉంటుంది.

ఒక్క డిగ్రీకే ఇంత గొడవ ఎందుకు

పగటికీ రాత్రికీ పది డిగ్రీలు మారుతున్నప్పుడు ఒక డిగ్రీ ఏ లెక్కలోది అనిపిస్తుంది. అయితే అది భూమి మొత్తం సగటు. ఇరవై వేల ఏళ్ల కిందట మంచుయుగం ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు ఉత్తర అమెరికాలో ఎక్కువ భాగం, ఉత్తర ఐరోపా కిలోమీటర్ల మందాన మంచు కింద ఉన్నాయి. సముద్రం ఇప్పటికంటే 120 మీటర్లు కిందుండేది. అప్పటికీ పరిశ్రమలకు ముందు కాలానికీ సగటులో తేడా అయిదారు డిగ్రీలే.

చిన్న ఉదాహరణ చూద్దాం. ఒక ఊహాత్మక ప్రదేశంలో వేసవి పగటి ఉష్ణోగ్రత సగటు 35 డిగ్రీలు, ప్రామాణిక విచలనం (రోజులు సగటు నుంచి మామూలుగా అటూ ఇటూ చెదిరే దూరం) 2 డిగ్రీలు, రోజులన్నీ గంట ఆకారపు వక్రరేఖలో సర్దుకుని ఉన్నాయనుకుందాం. అక్కడ 41 దాటే రోజులు వెయ్యికి ఒకటో రెండో. సగటు 36కి పెరిగితే అలాంటి రోజులు వెయ్యికి 6 అవుతాయి. 37కి పెరిగితే 23. సగటు రెండు డిగ్రీలు జరిగితే అరుదైన వేడి పదిహేడు రెట్లయింది. వక్రరేఖ మధ్యలో చిన్న జరుగుడు అంచుల్లో పెద్ద మార్పు తెస్తుంది. మనుషులు ప్రాణాలు పోగొట్టుకునేది ఆ అంచుల్లోనే.

వాస్తవ ప్రపంచపు అంచనాలూ ఈ తీరునే చెబుతున్నాయి. 1850–1900 మధ్య యాభై ఏళ్లకోసారి వచ్చే స్థాయి తీవ్రమైన వేడి, సగటు ఒక డిగ్రీ పెరిగాక దాదాపు అయిదు రెట్లు తరచుగా వస్తోందని ఐపీసీసీ లెక్క.

తేమ కూడా కలిస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. శరీరం చెమట ఆర్చుకుని చల్లబడుతుంది. గాలిలో తేమ నిండుగా ఉంటే చెమట ఆరదు. తడిబట్ట చుట్టిన థర్మామీటరు 35 డిగ్రీలు చూపించే పరిస్థితిలో ఆరోగ్యవంతుడైనా, నీడలో ఊరికే కూర్చున్నా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడు. పని చేసేవాళ్లకు, వృద్ధులకు ఆ హద్దు ఇంకా తక్కువ.

వరదలూ కరువూ రెండూ ఎలా పెరుగుతాయి

వేడి ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. కురిసేటప్పుడు ఆ మోసినదంతా గుమ్మరిస్తుంది. కురవని చోట అదే దాహంతో ఉన్న గాలి నేలలోని తేమను ఇంకా వేగంగా లాగేస్తుంది. అందుకే 'ఒకసారి వరద అంటారు, ఒకసారి కరువంటారు, ఏదో ఒకటి తేల్చండి' అనే విసుగుకు జవాబు రెండూ అనే. రెండూ ఒకే కారణం నుంచి వస్తున్నాయి.

అయితే ప్రతి విపత్తునూ వాతావరణ మార్పు ఖాతాలో వేయడం కూడా తప్పే. ఒక ఘటనకు దాని వాటా ఎంతో తేల్చే శాస్త్రం ఇప్పుడు ఉంది. కంప్యూటర్‌లో ఇప్పటి భూమినీ, మనం వాయువులు వదలకుండా ఉంటే ఎలా ఉండేదో ఆ భూమినీ వేలసార్లు నడిపి, ఆ ఘటన ఎందులో ఎన్నిసార్లు వస్తుందో పోల్చి చూస్తారు. 2003 ఐరోపా వేసవి మీద 2004లో వచ్చిన అధ్యయనం, అంతటి వేడి వచ్చే అవకాశాన్ని మనుషుల ప్రభావం కనీసం రెట్టింపు చేసి ఉండే అవకాశం చాలా ఎక్కువని తేల్చింది. వడగాడ్పుల విషయంలో ఈ పద్ధతి గట్టిగా మాట్లాడగలదు. తుపానుల విషయంలో జాగ్రత్త అవసరం. ప్రపంచం మొత్తం మీద వాటి సంఖ్య పెరుగుతోందని చెప్పడానికి స్పష్టమైన ఆధారం లేదు. వచ్చినవాటిలో తీవ్రమైనవాటి పాలు పెరగడం, వాటి వెంట వాన పెరగడం మీద మాత్రం నమ్మకం ఎక్కువ. తుపాను నష్టం పెరగడంలో తీరం వెంట ఇళ్లూ జనమూ పెరగడం వాటా కూడా ఉంది.

సముద్రం మోస్తున్న బరువు

భూమి మీద పోగవుతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాల్లోకి వెళుతోంది. వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది. గత అర్ధశతాబ్దంలో సముద్రమట్టం పెరుగుదలలో దాదాపు సగం ఈ వ్యాకోచానిదే, మిగతాది ప్రధానంగా నేల మీది మంచు కరగడం వల్ల. 1901 నుంచి 2018 దాకా మట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది. వేగమూ పెరిగింది. 1901–1971 మధ్య ఏడాదికి 1.3 మిల్లీమీటర్లు ఉన్నది 2006–2018 మధ్య 3.7కి చేరింది.

ఇక్కడ చాలామంది తడబడే చోటొకటి ఉంది. గ్లాసు నీళ్లలో తేలే ఐసుముక్క కరిగితే నీటిమట్టం మారదు. అది తేలుతూ ఎంత నీటిని పక్కకు నెట్టిందో కరిగాక అంతే నీరవుతుంది. కాబట్టి ఆర్కిటిక్ సముద్రం మీద తేలే మంచు కరిగితే మట్టం దాదాపు పెరగదు. గ్రీన్‌లాండ్ మంచు అలా కాదు, నేల మీదుంది. అదంతా కరిగితే సముద్రం 7 మీటర్లు పెరుగుతుంది. దానికి శతాబ్దాలు, సహస్రాబ్దాలు పడుతుంది. తేలే మంచు పోతే వచ్చే నష్టం ఇంకో రకమైనది. తెల్లటి మంచు తన మీద పడిన ఎండలో సగానికి పైగా వెనక్కి పంపేస్తుంది, కింద బయటపడిన నల్లటి నీరు దాదాపు అంతా పీల్చుకుంటుంది. ఆర్కిటిక్ ప్రపంచ సగటు కంటే రెండు నుంచి నాలుగు రెట్లు వేగంగా వేడెక్కడానికి ఇదీ ఒక కారణం.

మన లీటరులోంచి సముద్రంలో కరిగిన ఆరు వందల గ్రాములు అక్కడ ఊరికే ఉండవు. నీటితో కలిసి కార్బానిక్ ఆమ్లం అవుతుంది. పరిశ్రమల కాలం మొదలయ్యాక సముద్రపు పైనీటి పీహెచ్ (ఇది తగ్గిన కొద్దీ ఆమ్లత ఎక్కువ) 8.2 నుంచి 8.1కి దిగింది. అంకె చిన్నదే కానీ ఆ కొలబద్ద పదింతల మెట్లది కాబట్టి ఆమ్లత పావు వంతుకు పైగా పెరిగినట్టు. గవ్వలకు, పగడాలకు గట్టి పెంకు కట్టుకోవడం కష్టమవుతోంది. దానికి వేడి తోడైతే పగడాలు తమలో బతికే నాచును బయటికి నెట్టేసి తెల్లబడిపోతాయి. 1.5 డిగ్రీల వేడి దగ్గర పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం, 2 డిగ్రీల దగ్గర 99 శాతం పైగా పోతాయని ఐపీసీసీ అంచనా. ఆ అర డిగ్రీ తేడాలో ఎన్ని ప్రాణులు ఉన్నాయో తలచుకుంటే ఇవి వట్టి అంకెలుగా తోచవు.

లాభాలు లేవా?

ఉన్నాయి, చెప్పాలి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే చాలా మొక్కలు ఏపుగా పెరుగుతాయి. భూమి మీద పచ్చదనం కొంత పెరిగినట్టు ఉపగ్రహాలూ చూపించాయి. చలిదేశాల్లో పంటకాలం పొడవవుతుంది, చలి వల్ల మరణాలు తగ్గుతాయి. ఇప్పటికీ ప్రపంచంలో వేడి కంటే చలితో ముడిపడిన మరణాలే ఎక్కువని చెప్పే అధ్యయనాలూ ఉన్నాయి. కానీ అదే వాయువు పెరిగిన గాలిలో పండిన వరి, గోధుమ గింజల్లో ప్రొటీన్, జింక్ తగ్గుతున్నాయి. వేడి, నీటి ఎద్దడి ఆ అదనపు ఎదుగుదలను మింగేసే చోట్లు ఎక్కువ. లాభమంతా చలిదేశాల వైపు, నష్టమంతా ఇప్పటికే వేడిగా ఉన్న పేద దేశాల వైపు మొగ్గుతోంది. రెంటినీ కూడి సగటు తీస్తే ఈ అన్యాయం కనిపించకుండా పోతుంది.

శాస్త్రవేత్తలు ఇంకా తేల్చుకోలేనిది

మనుషుల వల్ల భూమి వేడెక్కుతోందా అన్న దాని మీద శాస్త్రంలో ఇప్పుడు వివాదం లేదు. ఎంత వేడెక్కుతుందన్న దాని మీద ఉంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే 1.5 నుంచి 4.5 డిగ్రీలని 1979లో అమెరికా శాస్త్రవేత్తల నివేదిక చెప్పింది. 2021లో ఆ అంతరం 2.5 నుంచి 4 డిగ్రీలకు కుదించుకుంది. నలభై ఏళ్లు పట్టడానికి ప్రధాన కారణం మేఘాలు. కిందుగా కమ్మే దట్టమైన మేఘం ఎండను ఆపి చల్లబరుస్తుంది, ఎత్తున తేలే పలుచటి మేఘం కింది వేడిని పట్టి ఉంచుతుంది. వేడెక్కే భూమి మీద ఏవి ఎంత మారతాయన్నది కష్టమైన లెక్క. ఈ అనిశ్చితిని 'ఏమీ తెలియదు' అని చదవకూడదు. అది తక్కువ వైపే కాదు, ఎక్కువ వైపు కూడా తెరిచే ఉంది.

బాధ్యత ఎవరిది: మూడు లెక్కలు, మూడు జవాబులు

వాయువు పోగుపడేది కాబట్టి ఉష్ణోగ్రత ఈ ఏటి ఉద్గారాన్ని కాక ఇప్పటిదాకా వదిలిన మొత్తాన్ని అనుసరిస్తుంది. లక్ష కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 0.45 డిగ్రీలు. 1850 నుంచి 2019 దాకా మనుషులు వదిలింది దాదాపు 2.4 లక్షల కోట్ల టన్నులు. హెచ్చిస్తే 1.08 డిగ్రీలు. కొలిచిన వేడికి చాలా దగ్గర.

దేశాల మధ్య తగువంతా ఈ పద్దును ఎలా పంచాలన్నదే. ఈ ఏడాది ఎవరు ఎక్కువ వదిలారని అడిగితే చైనా, ప్రపంచంలో మూడో వంతుకు దగ్గరగా. చరిత్ర మొత్తం మీద శిలాజ ఇంధనాల లెక్క అడిగితే అమెరికా, దాదాపు పావు వంతు. మనిషికి ఎంత అని అడిగితే అమెరికన్‌ది ఏడాదికి 14 టన్నుల చుట్టూ, చైనీయుడిది 8 టన్నుల పైన, భారతీయుడిది 2 టన్నుల దగ్గర. మూడు లెక్కలూ నిజమే. ఎవరికి ఏది అనుకూలమో వారు అది ఎత్తుకుంటారు. ఒక దేశంలో తయారై మరో దేశంలో వాడే వస్తువు పొగ ఎవరి ఖాతాలోకి పోవాలన్నది నాలుగో ప్రశ్న.

సంపన్న దేశాల వాదన ఇది: ఇకపై పెరిగేదంతా అభివృద్ధి చెందుతున్న దేశాల్లోనే కాబట్టి అక్కడ తగ్గకపోతే మేం సున్నాకు దిగినా లాభం లేదు. అంకెల ప్రకారం అది తప్పు కాదు. అవతలి వాదన: గాలిలో ఇప్పటికే చేరినది మీరు ధనవంతులైన క్రమంలో చేరింది, మా ఇళ్లకు కరెంటు వచ్చే వేళకు తలుపు మూస్తామంటే ఎలా? అదీ తప్పు కాదు. 1992 రియో ఒప్పందం రెంటినీ ఒప్పుకుంటూ 'ఉమ్మడి బాధ్యత, కానీ స్థాయిని బట్టి వేరు' అనే సూత్రం పెట్టుకుంది. 2015 పారిస్ ఒప్పందం ప్రతి దేశమూ తన లక్ష్యం తానే ప్రకటించుకోవాలంది. నష్టపోయిన దేశాలకు సాయపడే నిధి పెట్టాలని 2022లో ఈజిప్టు సమావేశంలో ఒప్పుకున్నారు. 2024లో అజర్‌బైజాన్ రాజధాని బాకూలో జరిగిన సమావేశంలో 2035 నాటికి ఏడాదికి కనీసం 30 వేల కోట్ల డాలర్ల సాయం లక్ష్యమన్నారు. అది చాలదని పేద దేశాలు అక్కడే అన్నాయి. చారిత్రక లెక్కను పక్కనపెట్టి న్యాయం మాట్లాడటం కుదరదని నేననుకుంటాను. దాన్నే సాకుగా పట్టుకుని కూర్చున్నా వేడి మొదట కాల్చేది పేదల్నే.

1.5 డిగ్రీలు దాటేశామా? ఇప్పుడే ఆపేస్తే ఏమవుతుంది?

2024 సగటు 1850–1900తో పోలిస్తే 1.5 డిగ్రీలు దాటిందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. దీంతో పారిస్ ఒప్పందం పెట్టుకున్న 1.5 డిగ్రీల హద్దు తెగిపోయిందని చాలామంది అనుకున్నారు. ఆ హద్దును దాదాపు ఇరవై ఏళ్ల సగటుతో చూస్తారు, ఒక ఏడాదితో కాదు. పసిఫిక్ సముద్రపు పైనీరు కొన్నేళ్లకోసారి వేడెక్కే ఎల్ నినో కూడా 2023, 2024 సగటులను కొంత ఎక్కించింది. హద్దు ఇంకా తెగలేదు, దానికి చాలా దగ్గరకు వచ్చేశాం. అలాగని 1.5 దగ్గర గోడ ఏమీ లేదు. 1.6 కంటే 1.5 మేలు, 1.7 కంటే 1.6 మేలు.

ఉద్గారాలు పూర్తిగా ఆగిపోయినా వేడి దశాబ్దాల పాటు పెరుగుతూనే ఉంటుందని ఒకప్పుడు విస్తృతంగా అనుకునేవారు. ఇప్పటి అవగాహన వేరు. కార్బన్ డయాక్సైడ్ వదలడం నికరంగా సున్నాకు వస్తే సగటు ఉష్ణోగ్రత పెరగడం కొద్ది ఏళ్లలోనే దాదాపు ఆగిపోతుంది. సముద్రం కొంత వేడిని, కొంత వాయువును లోపలికి తీసుకుంటూ ఉండటంతో ఆ రెండూ ఒకదాన్నొకటి సరిపెడతాయి. పెరగడం ఆగుతుంది కానీ వెనక్కి తగ్గదు. సముద్రమట్టమైతే ఆగదు కూడా. వేడిని 1.5 దగ్గర నిలిపినా రాబోయే రెండు వేల ఏళ్లలో అది 2 నుంచి 3 మీటర్లు పెరుగుతుందని అంచనా.

మొదట్లో వదిలిన ఆ 2.3 కిలోల్లో కొంత ఈ శతాబ్దంలో సముద్రంలోకి, చెట్లలోకి వెళ్తుంది. ఇంకొంత చాలా నెమ్మదిగా రాళ్లలో బంధింపబడుతుంది. వెయ్యేళ్ల తర్వాత కూడా గాలిలో మిగిలేది 350 గ్రాములో, 900 గ్రాములో. అందులో ఏదన్నది దాని తర్వాత కాలే లీటర్లను బట్టి ఉంటుంది.